సింహాచలం సంపెంగా, సీతాశోకా? ఈ రెండింటిలో నిజంగా ముప్పు దేనికి?

వేపగుంట నివాసి:

అందరికీ నమస్కారం. మా కాలనీ వేపగుంట వైపు, అప్పన్న కొండ కనబడేంత దూరంలో ఉంది. కాలనీ పార్కులో ఒక మూల పెద్ద చెట్టుకి సరిపడా జాగా ఖాళీగా పడి ఉంది, దాంట్లో ఏం వేయాలన్న దగ్గర అసోసియేషన్‌లో రెండు జట్లు అయిపోయాయి. పెద్దవాళ్ళు సంపెంగ వేద్దామంటున్నారు, సింహాచలం పక్కన ఉండి సంపెంగ చెట్టు లేకపోతే ఎలాగ అని. కుర్రాళ్ళేమో సీతాశోక కావాలంటున్నారు. అది అంతరించిపోతున్న జాతి, సంపెంగకి ఏ ప్రమాదమూ లేదు, కాబట్టి ఉన్న ఒక్క జాగా అశోకకే ఇవ్వాలన్నది వాళ్ళ వాదన. నర్సరీకి వెళ్తే అశోక మొక్కకి కట్టిన చీటీ మీద "ఎండేంజర్డ్" అని పెద్దక్షరాల్లో రాసి ఉంది, ధర కూడా దానికి తగ్గట్టే చెప్పారు.

ఇంటికొచ్చి నెట్‌లో చూశాను. ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే రెడ్ లిస్ట్‌లో సంపెంగ "లీస్ట్ కన్సర్న్", అశోక "వల్నరబుల్" అని ఉంది. ఎండేంజర్డ్ అని ఎక్కడా కనబడలేదు. ఇక్కడే నాకు అయోమయం మొదలైంది. ఈ మాటలన్నీ ఒకటేనా, తేడా ఉందా? సంపెంగకి నిజంగా ఏ దిగులూ లేదా? ఎందుకు అడుగుతున్నానంటే నా చిన్నప్పుడు కొండ కింద అడివివరంలో సంపెంగలు బుట్టలకొద్దీ పెట్టుకుని అమ్మేవారు, ఇప్పుడు ఆ బుట్టలు అంతగా కనబడటం లేదు. మరి దానికి ప్రమాదం లేదని ఎలా అంటారు?

ఇంకో మాట. కమిటీలో ఒకాయన "మన రోడ్డు పొడుగునా అశోక చెట్లున్నాయి కదమ్మా, మళ్ళీ ఇంకొకటి ఎందుకు" అన్నారు. దానికి ఏం చెప్పాలో కూడా తెలియలేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, వచ్చే ఆదివారం మీటింగ్ ఉంది.

కొండగాలి:

ముందు ఆ రోడ్డు చెట్ల సంగతి తేల్చేద్దాం. కాంపౌండ్ గోడల వెంట సన్నగా నిటారుగా పెరిగి ఆకులన్నీ కిందికి వేలాడుతూ ఉంటాయే, అవి నరమామిడి చెట్లు. సీతాఫలం కుటుంబానివి. అందరూ వాటిని అశోక అనే పిలుస్తారు కానీ అసలు అశోకతో వాటికి ఏ చుట్టరికమూ లేదు, సీతాశోక చిక్కుడు, చింత ఉండే కుటుంబంలోది.

గుర్తుపట్టడం చాలా తేలిక అండీ. నరమామిడి ఆకు ఒంటరి ఆకు, పొడుగ్గా ఉండి అంచు అలలు అలలుగా ముడతలు పడి ఉంటుంది. సీతాశోకలో ఒక్కో కాడకి చిన్నాకులు జతలు జతలుగా వస్తాయి, అంచు నున్నగా ఉంటుంది. కొత్త చిగురు రాగి రంగులో, ఇంకా బలం రాని ఆకులు గుత్తిగా కిందికి వాలి ఉంటాయి, ఒకసారి చూస్తే మర్చిపోరు. ఇక పూల దగ్గర అసలు సందేహమే రాదు. నరమామిడి పూలు లేతాకుపచ్చగా ఆకుల్లో కలిసిపోయి ఉంటాయి, చెట్టు పూసిందని చాలామందికి తెలియను కూడా తెలియదు. సీతాశోక పూలు కొమ్మల మీద, ముదురు కాండం మీద కూడా గుత్తులు గుత్తులుగా వస్తాయి, విచ్చినప్పుడు పసుపు నారింజ కలిసిన రంగు, రోజులు గడిచేకొద్దీ ఎరుపు. ఒకే గుత్తిలో అన్ని రంగులూ కనబడతాయి.

నరమామిడికి ఏ ప్రమాదమూ లేదు, ఊరంతా అదే. కాబట్టి కమిటీలో ఆయనకి మీ రోడ్డు మీద ఉన్నవి అశోకలు కావని ధైర్యంగా చెప్పేయండి.

మొక్కల మాస్టారు:

మంచి ప్రశ్న వేశారు, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రెడ్ లిస్ట్‌లో మెట్లు ఉంటాయి. అన్నిటికంటే కింద లీస్ట్ కన్సర్న్ (పెద్దగా దిగులు లేనివి), దానిపైన నియర్ థ్రెటెన్డ్ (ముప్పుకి దగ్గర్లో ఉన్నవి), తర్వాత వల్నరబుల్ (ముప్పు పొంచి ఉన్నవి), ఎండేంజర్డ్ (ఇంకా ఎక్కువ ముప్పు), క్రిటికల్లీ ఎండేంజర్డ్ (అన్నిటికంటే తీవ్రమైన ముప్పు), ఆపైన అడవిలో లేకుండా పోయినవి, చివరికి పూర్తిగా అంతరించినవి. వల్నరబుల్, ఎండేంజర్డ్, క్రిటికల్లీ ఎండేంజర్డ్, ఈ మూడింటినీ కలిపి ముప్పులో ఉన్న జాతులంటారు. అశోక అందులో మొదటి మెట్టు మీద ఉంది. నర్సరీ చీటీ మీద రాసింది దానికి పైమెట్టు. ముప్పులో ఉందన్నది నిజమే, ఎంత ముప్పు అన్న దగ్గరే ఆ చీటీ ఎక్కువ చెప్పింది.

ఇప్పుడు ఆ వల్నరబుల్ అన్నది ఎలా వచ్చిందో చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. అశోకకి ఆ ముద్ర 1998లో వేశారు. దానికి ముందు ఏడాది మన దేశంలో ఔషధ మొక్కల మీద జరిగిన ఒక వర్క్‌షాప్‌లో నిపుణులు కూర్చుని చేసిన అంచనా అది. అప్పటి లెక్క ప్రకారం ఒక జాతి విస్తరించిన ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్ల కంటే తక్కువై, అది ఉన్న చోట్లు ముక్కలు ముక్కలుగా విడిపోయి, ఆ చోట్ల విస్తీర్ణమో నాణ్యతో తగ్గుతూ పోతుంటే వల్నరబుల్ కింద వేయొచ్చు. అశోకను వేసింది ఆ లెక్కలోనే. అంటే చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఇన్ని తగ్గాయని చెప్పింది కాదు, అది బతికే చోటు చిక్కిపోతోందని చెప్పింది. రెడ్ లిస్ట్ లెక్కల పద్ధతి 2001లో మారింది, అశోక మాత్రం ఆ పాత లెక్కమీదే ఉండిపోయింది. వల్నరబుల్ అని చదివినప్పుడు పక్కనే ఉన్న ఆ సంవత్సరం కూడా చదవాలి. ఈ పాతికేళ్ళ పైచిలుకులో బెరడు కోసం ఎన్ని చెట్లు పోయాయో ఆ ముద్రలో లేదు.

సంపెంగ సంగతి వేరు. దాన్ని 2014లో చూసి లీస్ట్ కన్సర్న్ అన్నారు. కారణం దాని విస్తృతి. తూర్పు హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాలు, పడమటి కనుమలు, అక్కణ్నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, దక్షిణ చైనా, ఇండోనేషియా దాకా అడవుల్లో పెరుగుతుంది. అంత దూరం పరుచుకున్న జాతి మొత్తంగా అంతరించే అవకాశం తక్కువ. లీస్ట్ కన్సర్న్ అంటే అర్థం అంతే. ఎక్కడా నరకడం లేదనీ కాదు, ఏ ఊళ్ళోనూ తగ్గడం లేదనీ కాదు. ఈశాన్యంలో కలప కోసం పెద్ద పెద్ద చెట్లు కొట్టారు. పైగా సంపెంగ ఉన్న మాగ్నోలియా కుటుంబంలో దాదాపు సగం జాతులు ముప్పు మెట్ల మీదే ఉన్నాయి.

మీరు అడివివరం బుట్టల గురించి అడిగారు కదా. రెడ్ లిస్ట్‌కి అది కనబడదు. ఆ లెక్క ప్రపంచం మొత్తానికి ఒక్కటే, అదీ అడవిలో తమంతట తాము మొలిచి పెరిగే చెట్లకే. తోటలో, గుడి ఆవరణలో, మీ పార్కులో మనం పెంచినవి అందులోకి రావు. సింహాచలం వాలులో సంపెంగలన్నీ పోయినా రెడ్ లిస్ట్‌లో సంపెంగ లీస్ట్ కన్సర్న్‌గానే ఉంటుంది. మనకి మాత్రం ఆ నష్టం చిన్నది కాదు.

ఈ మెట్లు శాశ్వతం కూడా కావు. మన ఎర్రచందనమే చూడండి, రాయలసీమ, నెల్లూరు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో అంతగా దొరకని చెట్టు. 1998లో ఎండేంజర్డ్ అన్నారు, 2018లో నియర్ థ్రెటెన్డ్‌కి దించారు, 2021లో మళ్ళీ ఎండేంజర్డ్ చేశారు. ఆ మధ్యలో శేషాచలంలో గొడ్డళ్ళు ఆగాయా అంటే లేదు.

పూల విషయానికొస్తే ఈ రెండూ ఒకదానికొకటి ఎంత దూరమో చెప్పాలని ఉంది. సంపెంగ జాతి పూల మొక్కల్లో చాలా పాత వంశం. దాని పువ్వులో మొగ్గను కప్పి ఉంచే రక్షక పత్రాలు, రంగు రెక్కలైన ఆకర్షక పత్రాలు అన్న తేడానే ఉండదు, అన్నీ ఒకేలాంటి రెక్కలు. మాగ్నోలియా కుటుంబంలో పుప్పొడి మోసే పని ఎక్కువగా పెంకు పురుగులది. తేనెటీగలు భూమ్మీద లేని కాలం నుంచి సాగుతున్న ఏర్పాటు అది. తుమ్మెద సంపెంగ మీద వాలదని మన కవులు ఎన్ని వందల ఏళ్ళ నుంచో చెబుతున్నారు, దాన్ని కవి సమయం, అంటే కవులు ఆనవాయితీగా చెప్పే మాట, అని వదిలేస్తాం కానీ ఈ పువ్వు ఎదురు చూసేది తుమ్మెద కోసం కాదన్నది ఆలోచించదగ్గదే. అశోకలో ఇంకో విచిత్రం, దానికి ఆకర్షక పత్రాలే లేవు. మనం రెక్కలనుకునే నాలుగూ రంగు తేలిన రక్షక పత్రాలు, వాటి మధ్య నుంచి పొడుగాటి కేసరాలు బయటికి వస్తాయి.

అశోకకి మన తీరంతో ఒక సంబంధం ఉంది, అది కూడా చెప్పేస్తాను. దానికి మొదట శాస్త్రీయ నామం పెట్టిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్ళేముందు పదేళ్ళకు పైగా మన సామర్లకోటలోనే ఉండి ఈ తీరం మొక్కలన్నీ బొమ్మలు గీయించి రాసుకున్నాడు. కలకత్తా వెళ్ళాక అశోకను వర్ణించి, సంస్కృత పండితుడు విలియం జోన్స్ మీద గౌరవంతో జోనీసియా అసోకా అని పేరు పెట్టాడు. తర్వాత అది సరాకా అసోకా అయింది.

అడివివరం పూలబుట్ట:

మాస్టారు రాసింది చదివాక నేను కూడా రాయాలనిపించింది. మా ఇంట్లో రెండు తరాలు సంపెంగలు అమ్మినవాళ్ళే, ఇప్పటికీ మా పిన్ని అమ్ముతుంది.

సంపెంగ కోత ఎలా ఉంటుందంటే, తెల్లారకముందే దోటి పట్టుకుని వెళ్ళాలి. పొద్దెక్కితే పువ్వు విచ్చిపోతుంది, మధ్యాహ్నానికి నల్లబడుతుంది, కొనేవాళ్ళు ఉండరు. అందుకని మొగ్గ విచ్చీ విచ్చకముందే కోసేస్తాం. చేతికందని కొమ్మలకి కుర్రాళ్ళు ఎక్కుతారు, సంపెంగ కొమ్మ పెళుసు, ఎక్కినవాడు పడితే చెయ్యో కాలో పోయినట్టే. ఆ టెన్షన్‌కి భయపడి మా ఇంట్లో మగపిల్లల్ని ఎక్కనివ్వడం మానేశారు. బుట్టలు తగ్గడానికి అదీ ఒక కారణమే, చెట్లు లేకపోవడం ఒక్కటే కాదు. పాత తోటలు ఉన్నచోట కొన్ని ఇళ్ళ స్థలాలైపోయాయి, అదీ నిజమే.

నేను చెప్పాలనుకున్నది వేరే. కోసిన పువ్వు కాయ కాదు కదా. చెట్టుకి పూసిందంతా దోటికి అందినంత మేరా రోజూ కోసేస్తుంటే విత్తనానికి మిగిలేది పైన చిటారు కొమ్మల్లో ఉన్నదే. ఆ పైకొమ్మల్లో కాయలు గుత్తులుగా పగిలి ఎర్రటి గింజలు బయటపడితే పిట్టలు తింటాయి, కింద రాలినవి కూడా ఎండలో ఎండిపోతాయి. మా తాతగారి కాలంలో చెట్టు కింద మొలిచిన పిల్లమొక్కలు తవ్వి తెచ్చి నాటేవాళ్ళట. ఇప్పుడు ఎవరు నాటినా కడియం నర్సరీల నుంచి తెచ్చిన అంటు మొక్కే. అంటు మంచిదే, రెండు మూడేళ్ళకే పూస్తుంది, గింజ మొక్కకైతే ఏడెనిమిదేళ్ళయినా ఆగాలి. కానీ ఒకే తల్లి చెట్టు నుంచి కట్టిన అంట్లన్నీ ఆ ఒక్క చెట్టే. అప్పన్న కొండ మీద ఉన్న ముసలి చెట్లకి వారసులు లేకుండా పోతున్నారు, బయటివాళ్ళకి సంపెంగకేం, ఊరంతా ఉంది అనిపిస్తుంది.

కాబట్టి అమ్మా, మీరు సంపెంగ వేసేటట్టయితే కడియం అంటు వద్దు. కొండ చెట్టు గింజతో మొలిపించిన మొక్క వేయండి. పూత ఆలస్యమైనా సరే.

పసరు మాట:

అశోక వైపు నుంచి ఒక్కటి చెప్తాను. నాకు మూలికల వ్యాపారంతో కొన్నాళ్ళు దగ్గర సంబంధం ఉంది.

సంపెంగను కోస్తే పువ్వే పోతుంది, చెట్టు ఉంటుంది, మళ్ళీ ఏడాది పూస్తుంది. అశోకకి గిరాకీ పువ్వుకి కాదు, బెరడుకి. ఆడవాళ్ళ అధిక రక్తస్రావానికి ఆయుర్వేదంలో వాడే అశోకారిష్టం లాంటి వాటన్నిటికీ ఆ బెరడే ముడిసరుకు, దేశమంతా కంపెనీలు తయారుచేస్తాయి. అడవిలో బెరడు ఒలిచేవాడికి కిలో లెక్కన డబ్బులు, వాడు చెట్టు చుట్టూ గుండ్రంగా ఒలిచేస్తాడు. ఆకుల్లో తయారైన ఆహారం వేరుకి దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే, చుట్టూ తెగితే వేరు ఆకలితో చస్తుంది, దాంతోపాటు చెట్టూ చస్తుంది. కాండానికి ఒక పక్కన నిలువుగా పట్టీలా తీసి మిగతాది వదిలేస్తే గాయం మానుతుంది, రెండు మూడేళ్ళాగి ఇంకో పక్క తీసుకోవచ్చు. చెట్టు తనదైతే ఎవడైనా అలాగే తీస్తాడు. అడవి చెట్టు దగ్గర నేను వదిలితే ఇంకొకడు ఒలుస్తాడన్న ఆలోచనే నడుస్తుంది.

అశోక మామూలుగా తేమ ఉన్న అడవుల్లో వాగుల పక్కన, పెద్ద చెట్ల నీడలో ఉంటుంది. గుంపులు గుంపులుగా అక్కడొకటి ఇక్కడొకటి. ఒక వాగు పక్కన ఉన్న గుంపు పోతే మళ్ళీ గింజ వచ్చి పడటానికి దగ్గర్లో ఇంకో గుంపు ఉండదు. మాస్టారు చెప్పిన ముక్కలు ముక్కలు అన్నది ఇదే.

సరుకు దొరక్కపోతే ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. పైన కొండగాలి గారు చెప్పిన నరమామిడి బెరడు, సాల బెరడు అశోక బెరడు పేరుతో అమ్ముడుపోతాయి. ఎండి ముక్కలైన బెరడు చూసి మామూలు మనిషి తేడా పట్టలేడు. మందు కొనుక్కునే ఆడమనిషికి అందులో అశోక ఉందో లేదో తెలిసే దారి లేదు. ఇది నాకు చాలా బాధగా ఉండే విషయం, చెట్టూ పోతోంది, మందూ దక్కడం లేదు.

వేపగుంట నివాసి:

చాలా థాంక్స్ అండీ అందరికీ, ఇంత వివరం వస్తుందనుకోలేదు. మా పెద్దవాళ్ళకీ కుర్రాళ్ళకీ ఇద్దరికీ చూపిస్తాను.

ఇప్పుడు నా డౌట్ ఒకటే మిగిలింది. పార్కులో నాటిన చెట్టు రెడ్ లిస్ట్ లెక్కలోకి రాదని మాస్టారు అన్నారు. అయితే మేం అశోక నాటినా ఆ జాతికి ఒరిగేదేమీ లేదా? అలాగైతే కుర్రాళ్ళ వాదనకి అర్థమే లేదు కదా. వాళ్ళు నిజంగా మనసుపెట్టి అడుగుతున్నారు, నిరుత్సాహపరచడం నాకిష్టం లేదు.

కొండగాలి:

నిజం చెప్పాలంటే ఒక్క చెట్టుతో జాతి ఏమీ నిలబడదండీ. అశోకను కాపాడాలంటే అడవిలో బెరడు ఒలవడం ఆగాలి, వాగులు ఎండకుండా ఉండాలి. మన విశాఖ పార్కుల్లో మొక్క నాటి ఫోటో దిగితే పడమటి కనుమల్లో చెట్టుకి ఏమీ అందదు. అలా నాటి సంరక్షణ చేసేశామనుకోవడం ప్రమాదం కూడాను.

ఇంకో విషయం, హుద్‌హుద్ తుఫాను గుర్తుందిగా, 2014 అక్టోబర్ 12. ఊళ్ళో పచ్చదనం ఒక్క రోజులో ఎలా పోయిందో చూశాం. ఏం నాటినా గాలికి నిలిచే చోటు చూసుకోండి. సంపెంగ ఎత్తు పెరుగుతుంది, కొమ్మ పెళుసని పైన చెప్పారు, ఇంటి కప్పుకీ కరెంటు తీగకీ దూరంగా ఉండాలి.

మొక్కల మాస్టారు:

కొండగాలి గారూ, ఒక్క చెట్టుతో జాతి నిలబడదన్నది ఒప్పుకుంటాను, ఒరిగేదేమీ లేదన్నది మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే బెరడు అడవి నుంచి రావడం ఆగాలంటే అది ఇంకెక్కడి నుంచైనా రావాలి కదా, పసరు మాట గారు చెప్పింది అదే. పొలం గట్ల మీద, తోటల్లో అశోక సాగు పెరగాలి. జాతీయ ఔషధ మొక్కల బోర్డు ముఖ్యమైనవిగా గుర్తించిన 32 మొక్కల్లో అశోక ఉంది, సాగుకి ప్రోత్సాహం కూడా పెట్టారు. సాగు చేయాలంటే రైతుకి గింజ కావాలి. గింజ కావాలంటే ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన, బాగా కాసే తల్లి చెట్లు కావాలి. మన ప్రాంతంలో అలాంటివి ఎన్ని ఉన్నాయి? గుళ్ళలో, పాత బంగళాల్లో, కాలేజీ ఆవరణల్లో ఒకటీ అరా. మీ పార్కు చెట్టు అలాంటి ఒక తల్లి చెట్టు కాగలదు, కాకపోతే దానికి రెండు షరతులు. మొక్క ఎక్కడి గింజతో వచ్చిందో నర్సరీవాళ్ళు చెప్పగలగాలి. రెండోది, ఒంటరి చెట్టు వద్దు. చెట్లు ఒకటి కంటే ఎక్కువుండి పుప్పొడి మార్చుకుంటే గింజ బాగా కడుతుంది, మొలకకి బలం ఉంటుంది. కాబట్టి పక్క కాలనీవాళ్ళను కూడా వేయించండి, వేర్వేరు చోట్ల గింజతో వచ్చినవైతే ఇంకా మంచిది.

ఇక రెండింటిలో ఏది అంటే, మీ జాగా చూడకుండా చెప్పకూడదు. అశోకకి చిన్నప్పుడు నీడ కావాలి. మన వైశాఖ ఎండకి, సముద్రపు ఉప్పు గాలికి నేరుగా పెడితే ఆకు అంచులు మాడిపోయి మొక్క ఏళ్ళ తరబడి అక్కడే నిలిచిపోతుంది. తూర్పు నీడ పడే గోడ పక్కనో, పెద్ద వేప కిందనో, నీళ్ళు తరచుగా అందే చోటో అయితే హాయిగా పెరుగుతుంది. అదీ మరీ పెద్ద చెట్టు కాదు, చిన్న పార్కుకి సరిగ్గా సరిపోతుంది. సంపెంగకి ఎండ కావాలి, ఎర్రమట్టి ఇష్టమే, కానీ పాదులో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతుంది. పెద్దదవుతుంది, దానికి చుట్టూ జాగా కావాలి.

మీరు ఖాళీ మూల అన్నారు. ఎండ తగిలే మూలయితే సంపెంగ వేయండి. అది నాలుగైదేళ్ళు ఎదిగి నీడ పట్టాక దానికి ఉత్తరం పక్క, తగినంత దూరంలో అశోక వేయండి. అడవిలో అశోక బతికేది కూడా పెద్ద చెట్ల పంచనే. పెద్దవాళ్ళా కుర్రాళ్ళా అన్న పేచీ కూడా ఉండదు.

అడివివరం పూలబుట్ట:

ఇది బావుంది. ముందు సంపెంగ, దాని నీడలో అశోక.

గింజ సంగతి నేను చూస్తాను. సంపెంగ కాయ పగిలి ఎర్ర గింజ కనబడగానే తీసి, పైన ఉన్న ఆ ఎర్ర గుజ్జు నీళ్ళలో పులమాలి, అది ఉంటే మొలవదు, చీమలు కూడా పట్టుకుపోతాయి. కడిగి నీడలో తడి ఆరబెట్టి వెంటనే ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టిలో వేసేయాలి. డబ్బాలో దాచి తర్వాత వేద్దామనుకుంటే కుదరదు, కొన్ని వారాలకే చచ్చిపోతుంది. అన్నీ మొలవవు, అందుకని ఎక్కువ వేయాలి. ఒక చెట్టువే కాకుండా కొండకి అటు వైపు, ఇటు వైపు చెట్ల గింజలు కలిపి మొలకలు పోస్తాను, ఎవరికి కావాలన్నా ఇస్తాను, డబ్బులేమీ వద్దు.

వేపగుంట నివాసి:

మూలకి మధ్యాహ్నం దాకా ఎండ బాగానే తగులుతుంది, తర్వాత పక్క బిల్డింగ్ నీడ పడుతుంది. అంటే సంపెంగకి సరిపోతుందనుకుంటున్నాను. ఆదివారం మీటింగ్‌లో ఇదే పెడతాను. కుర్రాళ్ళకి ఈలోగా ఒక పని అప్పగిద్దామనుకుంటున్నాను, మన చుట్టుపక్కల గుళ్ళలో, స్కూళ్ళలో నిజమైన సీతాశోకలు ఎక్కడెక్కడ ఉన్నాయో, కాయ కాస్తున్నాయో లేదో ఫోటోలతో రాసుకు రమ్మని. ఆకు చూసి నరమామిడి కాదని నిర్ధారించుకున్నాకే రాయమంటాను.

మొక్కల మాస్టారు:

చాలా మంచి పని. ఫోటో తీసేటప్పుడు పువ్వుతో పాటు ఆకు అమరిక, కాండం మొదలు కూడా తీయమనండి. కాండం మీద బెరడు చెక్కిన గాయాలుంటే అది తప్పకుండా రాయాలి, గుళ్ళో చెట్టుకి కూడా మందు కోసమని గోకేవాళ్ళున్నారు. మాఘం, ఫాల్గుణం నుంచి పూత చూడొచ్చు. తర్వాత వచ్చే కాయ పలకగా, లేతప్పుడు ఊదా ఎరుపులో ఉంటుంది, ముదిరి గోధుమ రంగు తిరిగాక కోయాలి. అశోక గింజ కూడా నిలవ ఉండదు, కాయ ముదరగానే వేసేయాలి. ఎక్కడ కాసినా చెట్టు వివరంతో ఇక్కడే రాయండి, మొలకలు పోసేటప్పుడు ఏ గింజ ఏ చెట్టుదో సంచి మీద రాసి పెట్టడం మాత్రం మర్చిపోవద్దు.